బొమ్మల ముచ్చట్లు: అద్దం ముందు ఆడవాళ్ళు, ఆ బొమ్మలు వేసినవాళ్ళు

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయి పారిస్ నుంచి వస్తూ ఒక క్యాలెండర్ తెచ్చాడు, డెగా అనే పెయింటర్ బొమ్మలట. నెలకో ఆడమనిషి, ఒకామె టబ్బులో కూర్చుని మెడ రుద్దుకుంటుంది, ఇంకొకామె వంగి కాలు తుడుచుకుంటుంది. హాల్లో తగిలిస్తే మా అత్తగారు తీసెయ్యమన్నారు, మా వాడేమో ప్రపంచమంతా మెచ్చిన ఆర్ట్ కదమ్మా అంటాడు. ఎవరిది రైటు?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాటని తేలిగ్గా తీసుకోకండి. 1886లో పారిస్‌లో ఈ బొమ్మలు గోడకెక్కినప్పుడు చూసినవాళ్ళలో చాలామంది ఇలాగే ఇబ్బంది పడ్డారు. ఆ ఏడాది మే, జూన్ నెలల్లో ఇంప్రెషనిస్టులు, అంటే మామూలు జీవితాన్ని కంటికి కనిపించిన వెలుతురుతో, రంగులతో వేసిన పెయింటర్ల గుంపు, వాళ్ళ ఎనిమిదో ఎగ్జిబిషన్ జరిగింది, వాళ్ళందరూ కలిసి పెట్టినవాటిలో అదే ఆఖరిది, అందులో డెగా పాస్టెల్ (పొడి రంగు బలపాల) బొమ్మల వరసొకటి పెట్టి కేటలాగ్‌లో దానికి స్నానం చేస్తున్న, కడుక్కుంటున్న, ఆరబెట్టుకుంటున్న, తుడుచుకుంటున్న, తల దువ్వుకుంటున్న లేదా దువ్వించుకుంటున్న ఆడవాళ్ళు అని ఏ కవిత్వమూ లేకుండా పేరు రాయించాడు. చూసినవాళ్ళలో కొందరు ఈ ఆడవాళ్ళని కప్పలతో, జంతువులతో పోల్చారు, ఈయనకి ఆడవాళ్ళంటే అసహ్యమేమో అనుకున్న రచయితలు కూడా ఉన్నారు.

మరి అప్పటిదాకా బట్టల్లేని ఆడవాళ్ళ బొమ్మలు ఆ ఊళ్ళో లేవా అంటే బోలెడున్నాయి. 1863లో కబనెల్ అనే ఆయన సముద్రం మీద పడుకున్న వీనస్ దేవతని వేస్తే సాక్షాత్తూ చక్రవర్తి మూడో నెపోలియన్ కొనుక్కున్నాడు, అప్పుడెవరికీ ఏ ఇబ్బందీ లేదు. ఎందుకంటే ఆ దేవత మనం చూడాలనే పడుకుంది, నడుం వంపు మనవైపే ఉంది, ఒంటి మీద ఒక్క ముడత లేదు. డెగా ఆడవాళ్ళు అలా కాదు, వాళ్ళ పనిలో వాళ్ళున్నారు. వంగితే పొట్ట మడతపడుతుంది, వీపు మధ్యలో వెన్నెముక లేస్తుంది, తుడుచుకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడటానికి కుర్చీనో టబ్బు అంచునో పట్టుకోవాల్సొస్తుంది. మీ క్యాలెండర్‌లో మెడ రుద్దుకుంటున్నామె బహుశా ‘టబ్’ అనే బొమ్మలోదై ఉంటుంది, 1886లోదే, ఇప్పుడు పారిస్ ఓర్సే మ్యూజియంలో ఉంది. అందులో ఒక చెయ్యి కింద ఆనించి, ఇంకో చేత్తో స్పాంజి పట్టుకుని మెడ వెనక రుద్దుకుంటూ ఉంటుంది. ఆ కింద పెట్టిన చేతిని చూడండి ఒకసారి, ఒంటి బరువంతా దాని మీదే ఉంది, అది చూసి వేస్తేనే వస్తుంది, ఊహించి వేస్తే రాదు. కుడిపక్క నిలువునా ఒక బల్ల, దాని మీద కూజాలు, బ్రష్షు, ఆమెని పైనుంచి చూస్తున్నట్టు వేశాడు, అందుకే మనం ఆ గదిలో ఆమె పక్కనే నిలబడి కిందికి చూస్తున్నట్టు ఉంటుంది.

ఇక మీ అత్తగారి అభ్యంతరం దగ్గరికొస్తాను. జార్జ్ మూర్ అనే ఐరిష్ రచయితతో డెగా ఒక మాటన్నాడు, ఇన్నాళ్ళూ బట్టల్లేని ఆడమనిషిని వేస్తే ఎవరో చూస్తున్నారన్నట్టు నిలబెట్టి వేశారు, నా ఆడవాళ్ళు మామూలు మనుషులు, వాళ్ళ ఒంటి సంగతి తప్ప వేరే ధ్యాస లేనివాళ్ళు, తాళం కన్నంలోంచి చూసినట్టు ఉంటుంది అని. మొదటి సగం విన్నప్పుడు నాకు ఆయన మీద గౌరవం పెరుగుతుంది, కన్నం దగ్గరికి రాగానే ఒళ్ళు ముడుచుకుంటుంది. మీ అత్తగారికి అనిపించింది కూడా అదేనని నా నమ్మకం, ఆమెకి తెలియకుండా ఆమెని చూస్తున్నాం అని. కాకపోతే నిజానికి అక్కడ కన్నమూ లేదు, తలుపూ లేదు. అది డెగా స్టూడియో, టబ్బు ఆయన తెచ్చి పెట్టించిందే, ఆ అమ్మాయి డబ్బులకి వచ్చి గంటలకొద్దీ అలా వంగి కూర్చున్న మోడల్. నడుం నొప్పి పుట్టినా కదలకూడదు. ఎవరూ చూడనట్టు ఉండటమే ఆమె ఉద్యోగం. ఇది తెలిశాక నాకు ఆ బొమ్మల్లో డెగా పనితనంతో పాటు ఆమె శ్రమ కూడా కనిపించడం మొదలైంది, ఆ అమ్మాయిల్లో చాలామంది పేర్లు కూడా మనదాకా రాలేదు.

నా మటుకు నాకు ఇవి గొప్ప బొమ్మలు, అందులో అనుమానం లేదు. కానీ హాల్లో రోజూ కూర్చునేది మీ అత్తగారు, ఆవిడ కళ్ళెదుట వద్దంటే లోపల గదిలో పెట్టుకోండి. ఆవిడకి డెగాదే ఇంకో బొమ్మ చూపించండి, ఎర్రటి గదిలో ఎర్ర గౌనులో ఒకామె కుర్చీలో వెనక్కి వాలి ఉంటుంది, పనమ్మాయి జుట్టు పట్టుకుని చిక్కు తీస్తుంటుంది, ఈమె చెయ్యి నెత్తి మీద పెట్టుకుని నొప్పి ఓర్చుకుంటుంది. 1896 ప్రాంతంలోది, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, తర్వాతికాలం పెయింటర్ మతీస్ కొన్నాళ్ళు తన దగ్గరే పెట్టుకున్నాడు దాన్ని. బారు జడ ఉన్న ఏ ఆడమనిషికైనా అది అర్థమైపోతుంది.

ప్రశ్న: స్నానాలూ అలంకారాలూ అన్నీ మగవాళ్ళు వేసినవే చూపిస్తారు. అదే గదిని ఆడవాళ్ళు వేస్తే ఎలా ఉంటుంది? తేడా నిజంగా కనిపిస్తుందా, మనం ఊహించుకుంటామా?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూస్తున్నాను. తేడా కనిపిస్తుంది, ఇంకా చెప్పాలంటే ఒకే ఇంటివాళ్ళ రెండు బొమ్మలు పక్కపక్కన పెడితే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ ఇల్లు మానె గారిది.

ఎడ్వార్ మానె అనే పెయింటర్ 1877లో ‘నానా’ అని ఒక బొమ్మ వేశాడు, ఇప్పుడు జర్మనీలో హాంబర్గ్‌లో ఉంది. ఒకమ్మాయి పైన నడుం బిగించే కార్సెట్టు, కింద లోపలి లంగాతో అద్దం ముందు నిలబడి, పౌడరు అద్దుకునే కుచ్చు చేత్తో పట్టుకుని మనవైపు తిరిగి చూస్తుంటుంది. బొమ్మ కుడి అంచున టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి సోఫాలో కూర్చుని ఆమె తయారవడం కోసం చూస్తుంటాడు, సగం మనిషే కనిపిస్తాడు. ఆ ఏడాది ప్రభుత్వ ప్రదర్శన సలోన్‌కి పంపితే తీసుకోలేదు. ఇందులో ఆమె ఎవరి కోసం ముస్తాబవుతుందో చెప్పడానికి ఆ టోపీ చాలు.

ఇప్పుడు రెండోది. మానె తమ్ముడు యూజీన్‌ని 1874లో పెళ్ళి చేసుకున్న బెర్త్ మోరిసో, ఈమె పెళ్ళికి ముందునుంచే పెయింటర్, ఇంప్రెషనిస్టుల ఎనిమిది ఎగ్జిబిషన్లలో ఏడింటిలో పాల్గొంది, కూతురు పుట్టిన తర్వాతి ఏడాది 1879లో ఒక్కసారే లేదు. ఆవిడ ‘అలంకరించుకుంటున్న స్త్రీ’ అనే బొమ్మ 1875, 1880 మధ్యలో వేసింది, చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. అందులోనూ అద్దం, అందులోనూ పౌడరు, కానీ ఆమె వీపు మనవైపు ఉంది, చెయ్యెత్తి జుట్టు సర్దుకుంటోంది, మెడకి సన్నటి నల్ల రిబ్బన్, చుట్టూ వెండి రంగు, లేత ఊదా, తెలుపు, కుంచె ఎంత వేగంగా తిరిగిందంటే గౌను ఎక్కడ ఆగిందో గోడ ఎక్కడ మొదలైందో చెప్పలేం. ఎదురుగా అంత అద్దం ఉంది కదా ముఖం కనిపిస్తుందిలే అని మనం అటు చూస్తామా, అద్దంలో పౌడరు డబ్బా, ఒక పువ్వు మసగ్గా కనిపిస్తాయి తప్ప ఆమె ముఖం లేదు. గదిలో ఇంకెవరూ లేరు, సోఫాలో కూర్చున్నవాళ్ళు లేరు. ఆ అద్దం అడుగు అంచున మాత్రం మోరిసో తన సంతకం పెట్టింది.

నాకు ఆ సంతకం చాలా ఇష్టం, చూసిన ప్రతిసారీ ఆగిపోతాను అక్కడ. అద్దంలో ఎవరి రూపం కనిపించాలో అక్కడ గీసిన మనిషి పేరుంది, ఈ గదిలోకి వచ్చింది నేనొక్కదాన్నే అన్నట్టు. మోరిసోకి చాలాకాలం వేరే స్టూడియో కూడా లేదు, ఇంట్లోనే వేసేది. 1876లో వేసిన ‘నిలువుటద్దం’లో ఒకమ్మాయి తెల్లటి బట్టల్లో నిలబడి నడుం దగ్గర వెనక్కి చేతులు పెట్టి సర్దుకుంటుంటుంది, ఆ గది, ఆ తివాచీ, ఆ సోఫా అన్నీ మోరిసో ఇంట్లోవే, ఇప్పుడు మాడ్రిడ్‌లో థైసెన్ మ్యూజియంలో ఉంది. ఆవిడ కూడా డబ్బిచ్చి మోడల్స్‌ని కూర్చోబెట్టింది, అది దాచిపెట్టాల్సిన సంగతేం కాదు, కాబట్టి ఆడమనిషి వేస్తే అన్నీ స్వచ్ఛం, మగవాడు వేస్తే అన్నీ దొంగచూపులు అని గీత గీసెయ్యడం నాకు ఒప్పదు. తేడా ఎక్కడొస్తుందంటే గదిలో ఏం జరుగుతుందో తెలిసినవాళ్ళు వేస్తే చూడటానికి ఏముంది అనే ఆత్రం ఉండదు. వెనక్కి చేతులు పెట్టి హుక్కు పెట్టుకునేటప్పుడు భుజం ఎలా బిగుస్తుందో మోరిసోకి తన ఒంట్లోంచే తెలుసు.

మన నాట్యం నేర్చుకున్నవాళ్ళకి అష్టవిధ నాయికల్లో వాసకసజ్జిక గుర్తుకొచ్చే ఉంటుంది, నాయకుడు వస్తాడని ఒంటినీ ఇంటినీ అలంకరించుకునే ఆమె. ఆ నాయిక అందం అంతా ఆ ఎదురుచూపులో ఉంది. మోరిసో బొమ్మల్లో ఆ ఎదురుచూపు తీసేసి ఒట్టి సర్దుకోవడమే మిగిల్చింది, అదే ఆ కాలానికి కొత్త.

అప్పట్లో ఆవిడ గురించి రాసినవాళ్ళు ఆడతనం, సుకుమారం అని మెచ్చుకుంటూనే పక్కకి పెట్టేశారు. ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్‌లోకి ఆడపిల్లల్ని 1897లో గానీ రానివ్వలేదు, మోరిసో అంతకు రెండేళ్ళ ముందే, 1895లో యాభై నాలుగేళ్ళకే పోయింది. మరణ ధ్రువీకరణ పత్రంలో వృత్తి అనే చోట ఏదీ లేదని రాశారు. సమాధి మీద యూజీన్ మానె విధవ అని ఉంది. నాలుగు వందలకు పైగా పెయింటింగులు వేసిన మనిషి. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

ప్రశ్న: మగవాళ్ళు స్నానం చెయ్యరా? వాళ్ళ బొమ్మ ఒక్కటీ లేదేం?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఉందండి, గుస్తావ్ కయ్‌బోట్ అనే ఫ్రెంచ్ పెయింటర్ 1884లో వేశాడు. దాదాపు మనిషంత కాన్వాసు, స్నానం అయిపోయి వెనక్కి తిరిగి నిలబడి టవల్‌తో వీపు తుడుచుకుంటున్న మగమనిషి, చెక్క నేల మీద తడి పాదాల ముద్రలు, కుర్చీ మీద బట్టలు, కింద బూట్లు. 1888లో బ్రస్సెల్స్‌లో ఒక ఎగ్జిబిషన్‌కి పంపితే అందరూ వచ్చే హాల్లోంచి తీసి జనం పెద్దగా వెళ్ళని చిన్న గదిలో పెట్టారు. ఆడవాళ్ళ ఒళ్ళు గోడనిండా ఉంటే సర్దుకున్న జనం అదే పని చేస్తున్న మగమనిషిని చూసి తట్టుకోలేకపోయారు. ఇప్పుడది బోస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ఉంది, 2011లో దాన్ని కొనడానికి వాళ్ళు తమ దగ్గరున్న ఎనిమిది బొమ్మలు అమ్మారు.

ప్రశ్న: మేం చికాగో దగ్గర ఉంటాం. పిల్లలతో మ్యూజియంకి వెళ్తే ఒక బొమ్మ దగ్గర మా పాప కదల్లేదు, అమ్మ ఒళ్ళో చిన్నపిల్ల, బేసిన్‌లో కాలు కడుగుతుంటుంది. మేరీ కసాట్ అని ఉంది. ఆవిడ అమెరికన్ అట కదా, పారిస్ వాళ్ళ మధ్యలోకి ఎలా వచ్చింది? ఆ బొమ్మ ఎందుకో జపాన్ బొమ్మలా అనిపించింది, నా భ్రమా?
— ఒక పాఠకురాలు, నేపర్‌విల్

జవాబు: భ్రమ కాదండి, సరిగ్గా పట్టుకున్నారు. 1890లో పారిస్‌లో ఎకోల్ దె బోజార్‌లోనే జపాన్ చెక్క అచ్చు బొమ్మల పెద్ద ప్రదర్శన జరిగింది, ఉతమారో వంటివాళ్ళవి, అద్దం ముందు జుట్టు ముడేసుకునే ఆడవాళ్ళు, పిల్లలకి స్నానం చేయించే తల్లులు. కసాట్ అది చూసి మతి పోగొట్టుకుంది, మోరిసోకి ఉత్తరం రాసింది, నువ్వు ఎలాగైనా వచ్చి చూడాలి, వీలైనంత తొందరగా రా అని. ఇద్దరు పెయింటర్లు, ఇద్దరూ ఆడవాళ్ళు, ఆ గోడల ముందు నిలబడి ఏం మాట్లాడుకుని ఉంటారో వినాలని నాకు ఎంత ఆశో చెప్పలేను.

కసాట్ 1844లో పెన్సిల్వేనియాలో పుట్టింది, ఫ్రాన్స్‌లో స్థిరపడింది, 1877లో డెగా స్వయంగా పిలిచి మాతో కలిసి ఎగ్జిబిషన్లు పెట్టు అన్నాడు. ఆ జపాన్ ప్రదర్శన తర్వాత ఆవిడ పది రంగు ప్రింట్ల వరస చేసింది, 1890-91లో. రాగి రేకు మీద సూదితో గీతలు గీసి, యాసిడ్‌తో నీడలు తెప్పించి, రంగులు చేత్తో రేకు మీదే అద్ది ఒక్కొక్కటి విడిగా అచ్చు తియ్యాలి, ఒక్కో బొమ్మకి ఇరవై ఐదు ప్రతులే తీశారు. అందులో ఉత్తరం అంటించేది, దర్జీ దగ్గర కొలతలిచ్చేది, జుట్టు ముడేసుకునేది, నడుం దాకా బట్ట దించి బేసిన్ ముందు వంగి ముఖం కడుక్కునేది ఉన్నాయి. ఈ ఆఖరామె వీపు చూడండి, ఒకే ఒక్క గీత, మెడ నుంచి నడుం దాకా ఎక్కడా తెగకుండా వచ్చింది. ఆ విద్యంతా తర్వాత 1893లో మీ పాప చూసిన బొమ్మలోకి వచ్చింది, పైనుంచి చూడటం, చారల గౌను, బేసిన్ గుండ్రం, మూలన కూజా. తల్లీ పిల్లా ఇద్దరూ నీళ్ళలో ఉన్న పాదం వైపే చూస్తున్నారు గమనించారా, అందుకే పాప కదల్లేదేమో, తన కాళ్ళు కూడా అలాగే కడిగారు కదా మీరు.

ఇంకొక్క బొమ్మ చెప్పకుండా ఉండలేను, 1886 ఎగ్జిబిషన్‌లో డెగా స్నానాల బొమ్మలతో పాటే కసాట్ ‘జుట్టు సర్దుకుంటున్న అమ్మాయి’ పెట్టింది. తెల్లటి రాత్రిబట్టలో ఒకమ్మాయి, వెనక మొహం కడుక్కునే బల్ల, జడ ఒక చేత్తో పట్టుకుని ఇంకో చెయ్యి తల వెనక్కి పెట్టి, నోరు కాస్త తెరిచి, పళ్ళు కనిపిస్తూ. అందగత్తె కాదు, కావాలనే అలాంటి అమ్మాయిని ఎంచుకుంది. డెగాకి ఆ బొమ్మ ఎంత నచ్చిందంటే తన టబ్బు పాస్టెల్ ఒకటి ఆవిడకిచ్చి ఇది తీసుకున్నాడు, 1917లో చనిపోయేదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇప్పుడు కసాట్ బొమ్మ వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో, ఆయనిచ్చిన పాస్టెల్ న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో ఉన్నాయి.

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్‌లో బీఎఫ్ఏ చదువుతున్నాను. మా అమ్మ తలంటుకుని వచ్చి కురులు ఆరబెట్టుకోవడం, అమ్మమ్మ జడ వేసుకోవడం సిరీస్‌గా వెయ్యాలని ఉంది. నాన్న ఇంట్లో సంగతులు బయట పెడతావా అన్నారు. అమ్మ ఏమీ అనలేదు. వెయ్యనా వద్దా?
— ఒక విద్యార్థిని

జవాబు: వెయ్యి తల్లీ. కానీ అమ్మ ఏమీ అనలేదు అన్నావు చూడు, అక్కడే ఆగాలి నువ్వు. మన ఇళ్ళల్లో అమ్మలు ఏమీ అనకపోవడానికి నూటొక్క కారణాలుంటాయి, పిల్ల చదువు కదా అని కూడా ఊరుకుంటారు. అడుగు, గట్టిగా, విడిగా కూర్చోబెట్టి. ఏం వేస్తావో, ఎక్కడ పెడతావో, ఫోన్లో ఫోటో తీసి కాలేజీ గ్రూపులో పెడతావా లేదా, అన్నీ చెప్పు. మోరిసో తన అక్క ఎడ్మాని ఉయ్యాల్లో పాపని చూస్తూ కూర్చున్నప్పుడు 1872లో వేసి, రెండేళ్ళ తర్వాత ఇంప్రెషనిస్టుల మొదటి ఎగ్జిబిషన్‌లోనే పెట్టింది, ఎడ్మా కూడా ఒకప్పుడు చెల్లెలితో కలిసి పెయింటింగ్ నేర్చుకున్న మనిషే. వేయించుకునేవాళ్ళకి ఈ పని ఏమిటో తెలిస్తే బొమ్మే వేరుగా వస్తుంది.

ఫోటో చూసి వెయ్యకు, ఎదురుగా కూర్చుని వెయ్యి. తలంటుకున్న జుట్టు ఆరేటప్పుడు అమ్మ మెడ ఒకవైపు వంగి ఉంటుంది కదా, ఆ బరువు ఎక్కడ పడుతుందో చూడు, తువ్వాలు పట్టుకున్న మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో చూడు. అమ్మమ్మ చేతులు ఇప్పుడు వెనక్కి అందుతున్నాయో లేదో, జడ ముందుకేసుకుని అల్లుకుంటుందేమో, అవి నీకు తప్ప ఇంకెవరికీ తెలియవు. ఇంటి పనమ్మాయిని వెయ్యాలనిపిస్తే ఆ టైముకి డబ్బులివ్వు, మోరిసో తన కూతురికి పాలివ్వడానికి జీతానికి పెట్టుకున్న దాదిని వేసింది, పాలిస్తున్న ఆమెదీ బొమ్మ వేస్తున్న ఈమెదీ ఇద్దరిదీ పనే అప్పుడు. అమ్మ ఏదైనా ఒక బొమ్మ వద్దంటే ఆ ఒక్కటీ ఆవిడకే ఇచ్చెయ్యి, అడ్డం చెప్పకు. నాన్నగారికి మొదటి బొమ్మ పూర్తయ్యాక చూపించు, మాటల్తో చెప్పడం కన్నా అది మేలు.

ప్రశ్న: ఈ బొమ్మలు ఇండియాలో ఉండి మంచి క్వాలిటీలో చూడాలంటే ఎలా?
— ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ, న్యూయార్క్ మెట్రోపాలిటన్, ఈ మూడు మ్యూజియాల వెబ్‌సైట్లలో కాపీరైట్ తీరిపోయిన బొమ్మల్ని పెద్ద సైజులో ఉచితంగా దించుకోవచ్చు, కుంచె గీతలు కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంటాయి. మోరిసో ‘అలంకరించుకుంటున్న స్త్రీ’తో మొదలుపెట్టండి, జూమ్ చేసి అద్దం అడుగున సంతకం వెతకండి. ఎప్పుడైనా పారిస్ వెళ్ళేవాళ్ళుంటే ఒక జాగ్రత్త, పాస్టెల్ అంటే పొడి రంగు, వెలుతురు తగిలితే పాడవుతుంది, అందుకని డెగా పాస్టెల్స్‌ని ఓర్సేలో మసక వెలుతురులో పెడతారు, మార్చి మార్చి కూడా పెడుతుంటారు, కాబట్టి మీరు వెళ్ళే రోజు ‘టబ్’ గోడ మీద ఉందో లేదో ముందే వెబ్‌సైట్‌లో చూసుకుని టికెట్ కొనుక్కోండి.